మాస్టారూ, ఒక సందేహం: డీప్ పర్పుల్‌ని స్టేజి మీద పట్టిచ్చే పాట ఏది?

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మా బావగారికీ నాకూ ఎప్పటినుంచో తెగని తగాదా ఒకటి ఉంది. ఇద్దరం డీప్ పర్పుల్ అంటే పడిచస్తాం. 1968లో ఇంగ్లండులో మొదలైన ఆ బ్యాండు ఇంకా కచేరీలు చేస్తూనే ఉంది కదా, స్టేజి మీద వాళ్లంటే ఏమిటో తెలియనివాడికి ఒక్క పాటతో చెప్పాలంటే ఏది వినిపించాలి? బావగారు ‘స్మోక్ ఆన్ ద వాటర్’ తప్ప ఇంకోటి ఒప్పుకోరు. నేను ‘చైల్డ్ ఇన్ టైమ్’ అంటాను. మొన్న పండక్కి వచ్చినప్పుడు మా అబ్బాయి మధ్యలో దూరి ‘హైవే స్టార్’ అన్నాడు. మా అక్కయ్య విసిగిపోయి, “ఆ కీబోర్డాయనకి రాసి పడేయండి, ఆయన ఏదంటే అదే” అంది. ఓడినవాళ్లు బిర్యానీ పెట్టించాలని పందెం. మీ తీర్పు చెప్పండి.
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు మీ అక్కయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి. ఇంత గొడవలోనూ దారి చూపించింది ఆవిడే.

నేను పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించి బతికినవాణ్ణని ఈ శీర్షిక చదివేవాళ్లకి తెలుసు. అక్కడ స్టేజి కింద నుంచి చీటీలు వస్తుంటాయి. పెళ్లికొడుకు స్నేహితుల చీటీ, మేనమామ చీటీ, ఒక్కోసారి వడ్డించే కుర్రాళ్ల చీటీ కూడా. విప్పి చూస్తే అన్నింట్లో అవే నాలుగైదు పాటలు. అవి వాయించేటప్పుడు చేతులు వాటంతటవే పోతుంటాయి. నా కళ్లు మాత్రం భోజనాల వైపు ఉండేవి, మా బంతి వచ్చేసరికి ఏం మిగులుతాయా అని. రాత్రి పదకొండు దాటి, పెద్దవాళ్లు వెళ్లిపోయి, కుర్చీలు సగం ఖాళీ అయ్యాక మా డ్రమ్మరు నా వైపు చూసి కనుబొమ్మ ఎగరేసేవాడు. అప్పుడు ఒక పాట ఎత్తుకునేవాళ్లం. దాన్ని ఎవరూ అడగలేదు. బిట్లు సాగదీసేవాళ్లం, ఒకడు వదిలిన చోట ఇంకొకడు అందుకునేవాడు, ఎక్కడ తేలతామో మాకే తెలిసేది కాదు. మా ఆర్కెస్ట్రా ఏపాటిదో తెలుసుకోవాలంటే వినాల్సింది అప్పుడు.

కాబట్టి నా లెక్కలో జనం అడిగే పాట వేరు, వాయించేవాళ్లు ఆడుకునే పాట వేరు. ఒక్కోసారి రెండూ ఒకటే అవుతాయి, అది అదృష్టం. డీప్ పర్పుల్ విషయంలో కాలేదు. మీ బావగారిది చీటీల పాట.

తగాదా తీర్చడానికి సాక్ష్యం ఉండాలి కదా. అది ‘మేడ్ ఇన్ జపాన్’. 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలోనూ, 17న టోక్యో బుడోకాన్‌లోనూ చేసిన మూడు కచేరీల్లోంచి ఏరి కూర్చిన రెండు ప్లేట్ల రికార్డు. నిజానికి బ్యాండు వాళ్లకి లైవ్ రికార్డు మీద అంత మోజు లేదు. జపాన్ కంపెనీ అడిగింది, అక్కడ మాత్రమే అమ్ముతారులే అని ఒప్పుకున్నారు. తీరా విన్నాక, ప్రపంచమంతా అమ్మాల్సిన సరుకు ఇదేనని తేలింది. గాయకుడు ఇయాన్ గిలన్, గిటారు రిచీ బ్లాక్‌మోర్, ఆర్గాన్ జాన్ లార్డ్, బేస్ రోజర్ గ్లోవర్, డ్రమ్స్ ఇయాన్ పేస్. ఆ అయిదుగురూ మంచి ఊపు మీదున్న రోజులవి.

నా చేతికి ఇది మొదట క్యాసెట్‌గా వచ్చింది. అప్పట్లో రికార్డింగ్ షాపులో ఖాళీ క్యాసెట్ ఇచ్చి, కాగితం మీద పాటలు రాసిస్తే ఎక్కించి ఇచ్చేవారు. నేనిచ్చింది అరవై నిమిషాల టేపు. రికార్డేమో డెబ్బై అయిదు దాటుతుంది. షాపాయన ‘ద మ్యూల్’ని తీసేశాడు. అందులో ఎక్కువ భాగం డ్రమ్స్ సోలోనే. “పాట లేని పాట ఎందుకండీ, టేపు దండగ” అన్నాడు. అయినా చాల్లేదు. చివరి పాట ‘స్పేస్ ట్రకిన్’ సగంలో, లార్డ్ ఆర్గాన్‌ని ఏడిపిస్తుండగా టేపు టక్కున ఆగేది. ఆ పాట ఎలా ముగుస్తుందో చాలాకాలం నాకు తెలియదు. ఎలా ముగించి ఉంటారా అని కీబోర్డు మీద నేనే రకరకాలుగా ముగించుకునేవాణ్ణి. ఆ షాపాయనకి ఒకరకంగా రుణపడి ఉన్నాను.

ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. 2014లో ఆ మూడు రాత్రుల కచేరీల్నీ పూర్తిగా విడుదల చేశారు. నా సలహా ఇది. మీరు, మీ బావగారు, అబ్బాయి ఎవరి పాటని వాళ్లు మూడు రాత్రులదీ వరసగా వినండి. ఏది ఎంత మారిందో చూడండి. అదొక పరీక్ష. ఇక రెండోది: 1968 నుంచి ఈ బ్యాండులో మనుషులు మారుతూనే ఉన్నారు. గాయకులు మారారు, గిటారిస్టులు మారారు, చివరికి ఆర్గాన్ వాయించే మనిషీ మారాడు. మనిషి మారితే చచ్చిపోయే పాట ఆ మనిషిది అవుతుంది, బ్యాండుది ఎలా అవుతుంది? రెండు పరీక్షల్లోనూ నిలబడిందే మనకి కావాలి.

‘స్మోక్ ఆన్ ద వాటర్’ సంగతి తీసుకుందాం. దాని పుట్టుక కథ అందరికీ తెలిసిందే. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండులోని మాంట్రూలో అమెరికా రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుంటే ప్రేక్షకుల్లో ఎవడో ఫ్లేర్ గన్ పేల్చాడు, క్యాసినో కాలి బూడిదైంది. అదే క్యాసినోలో రికార్డింగు పెట్టుకుందామని వచ్చిన డీప్ పర్పుల్ వాళ్లు, సరస్సు మీద పొగ కమ్ముకోవడం చూశారు. నాకు అంతకంటే ఇష్టమైన ముక్క దాని తర్వాతది. వేరే హాల్లో అర్ధరాత్రి ఈ పాట ట్యూన్ వాయిస్తుంటే ఇరుగుపొరుగు వాళ్లు గోల భరించలేక పోలీసుల్ని పిలిచారు. పోలీసులు తలుపు కొడుతున్నారు, లోపల సామాన్లు మోసే కుర్రాళ్లు తలుపుని గట్టిగా పట్టుకుని నిలబడ్డారు, టేక్ అయ్యేదాకా వదల్లేదు. అలా బతికి బట్టకట్టిన పాట 1973లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో నాలుగో స్థానానికి వెళ్లింది. ఆ నాలుగు స్వరాల రిఫ్, అంటే పాటలో మళ్లీ మళ్లీ వచ్చే ఆ గిటారు బిట్టు, రాని కుర్రాడు భూమ్మీద లేడు.

మనుషులు మారినా ఈ పాట చావలేదు. గిలన్ లేని రోజుల్లో డేవిడ్ కవర్‌డేల్, గ్లెన్ హ్యూజ్ కలిసి పాడారు, టామీ బోలిన్ గిటారు మీద వాయించాడు. ఆ పరీక్షలో నూటికి నూరు. మొదటి పరీక్షలోనే ఇబ్బంది. జపాన్ రికార్డుకి 15వ తేదీ ‘స్మోక్’నే ఎందుకు తీసుకున్నారంటే, రిఫ్‌ని ఆల్బమ్‌లో ఉన్నట్టు శుభ్రంగా వాయించింది ఆ రాత్రే కాబట్టి అని చెబుతారు. అంటే ఏమిటి? బ్లాక్‌మోర్‌కి ఆ పాటతో ఆడుకోవాలనే ఉంది. జనానికి మాత్రం అది చెక్కుచెదరకూడదు. హాలంతా నోటితో ఆ రిఫ్ కూనిరాగం తీస్తుంటే వాయించేవాడికి చోటెక్కడ? అది సగం ప్రేక్షకుల పాట. వాళ్ల నుంచి లాక్కోకూడదు కూడా.

ఇక మీ ‘చైల్డ్ ఇన్ టైమ్’. మీ మీద నాకు కొంచెం పక్షపాతం ఉంది, ఎందుకంటే దాని మొదలంతా ఆర్గానే. 1970 ఆల్బమ్ ‘ఇన్ రాక్’లో వచ్చింది గానీ, అంతకుముందే 1969 సెప్టెంబరులో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో వినిపించారు. మన దేశంతో పేరుబంధం కూడా ఉంది. ఆ ఆర్గాన్ ట్యూన్ ‘ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే’ అనే అమెరికా బ్యాండు వాయించిన ‘బాంబే కాలింగ్’ నుంచి వచ్చింది. అసలుది జోరుగా నడుస్తుంది, వీళ్లు నెమ్మది చేశారు. దొంగతనం అనకండి, ఆ అమెరికా వాళ్లు కూడా డీప్ పర్పుల్ ‘రింగ్ దట్ నెక్’ని పట్టుకుపోయి వేరే పేరుతో వాయించుకున్నారు. చెల్లుకు చెల్లు. 1995 ఏప్రిల్లో డీప్ పర్పుల్ బొంబాయిలో చేసిన కచేరీ రికార్డుకి ‘బాంబే కాలింగ్’ అనే పేరు పెట్టారు. ఆ కచేరీకి వెళ్లడానికి అప్పుడు నా చేతిలో డబ్బుల్లేవు, రికార్డే విన్నాను.

1972 ఒసాకాలో ‘చైల్డ్ ఇన్ టైమ్’ పన్నెండు నిమిషాలు. గిలన్ గొంతు మెట్టు మెట్టుగా పైకి ఎక్కి అరుపైపోయే చోట నాకు ఇప్పటికీ వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. అప్పటికి ఆయనకి ఇంకా ఇరవయ్యేడు నిండలేదు. అదే చిక్కు. ఆ పాట ఆ వయసు గొంతు మీద కట్టిన మేడ. 1995 తర్వాత కచేరీల్లో అరుదైపోయింది, 2002 తర్వాత పూర్తిగా ఆగిపోయింది. గిలన్‌కి ఆ విషయంలో నిజాయితీ ఉంది. పాడలేనిదాన్ని శ్రుతి దించి, కోరస్ వాళ్లతో కప్పిపుచ్చి లాగించలేదు. ఇరవై ఏళ్లకు పైగా పాడని పాటని “స్టేజి మీద వీళ్లంటే ఇదే” అనడానికి నాకు నోరు రావడం లేదు. మీరు ఓడిపోయారండీ, ఏమనుకోకండి.

మీ అబ్బాయి చెప్పిన ‘హైవే స్టార్’ని తేలిగ్గా తీసేయలేను. 1971 సెప్టెంబరులో పోర్ట్స్‌మత్ వెళ్తున్న బస్సులో ఒక విలేకరి “మీరు పాటలు ఎలా కడతారు?” అని అడిగితే, బ్లాక్‌మోర్ గిటారు తీసి “ఇదిగో ఇలా” అని ఒకే స్వరాన్ని టకటకా కొట్టడం మొదలుపెట్టాడు, గిలన్ దానిమీద నోటికొచ్చింది పాడాడు. ఆ రాత్రే స్టేజి ఎక్కించేశారు. స్టూడియో కంటే ముందు స్టేజి మీద పుట్టిన పాట! ఇంతకంటే అర్హత ఏం కావాలి అంటాడు మీవాడు. పైగా 1993 నవంబరులో బర్మింగ్‌హామ్ కచేరీ వీడియో ఉంది, చూడండి. బ్లాక్‌మోర్‌కీ గిలన్‌కీ అప్పటికి పడటం లేదు. పాట మొదలైంది, గిటారిస్టు స్టేజి మీద లేడు. మిగతా నలుగురూ వాయించుకుంటూ పోతున్నారు, లార్డ్ రెండు చేతులా ఖాళీ పూడుస్తున్నాడు. సోలో సమయానికి దొరగారు వేంచేశారు. కాసేపటికి కెమెరామన్ మీద నీళ్లు విసిరారు. ఆ నెలలోనే బ్యాండు వదిలి వెళ్లిపోయారు. గిటారిస్టు లేకుండా గిటారు పాట నిలబడిందంటే దాని ఎముక గట్టిదనే కదా.

అయినా నేను దానికి ఓటు వేయను. కారణం ఆ సోలోలే. బ్లాక్‌మోర్ ‘హైవే స్టార్’ సోలోని అప్పటికప్పుడు అల్లలేదు, పాతకాలపు జర్మన్ స్వరకర్త బాఖ్ పద్ధతిలో స్వరాల వరసలు ఇంట్లో కూర్చుని కట్టుకున్నాడు. అందుకే అంత అందంగా ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన ప్రతి గిటారిస్టూ దాదాపు అదే వాయించాలి, లేకపోతే జనం ఒప్పుకోరు. కచేరీ తలుపు తెరవడానికి అంతకంటే మంచి పాట లేదు. తలుపు చూసి ఇల్లు ఎలా ఉంటుందో చెప్పలేం.

మీలో ఎవరూ చెప్పని ‘స్పేస్ ట్రకిన్’ ఒకటుంది. స్టూడియోలో నాలుగున్నర నిమిషాల పాట. జపాన్‌లో ఇరవై నిమిషాలు, ప్లేటు నాలుగో వైపు మొత్తం అదే. ఆ సాగదీత కొత్తది కాదు. 1968లో మొదటి ఆల్బమ్‌లోని ‘మాండ్రేక్ రూట్’ చివర వాయించుకునే ఆటనంతా తెచ్చి దీనికి తగిలించారు. 1974 ఏప్రిల్ 6న కాలిఫోర్నియా జామ్ అనే పెద్ద రాక్ ఉత్సవంలో బ్లాక్‌మోర్ గిటారుతో టీవీ కెమెరాని పొడిచి, ఆంప్లిఫయర్లు పేల్చి, స్టేజి అంచున మంట పెట్టించింది ఈ పాటలోనే. మీరు గనక “1972 నుంచి 1974 దాకా” అని అడిగి ఉంటే కళ్లు మూసుకుని ఇదే అనేవాణ్ణి. తర్వాత తర్వాత ఇది మళ్లీ చిన్న పాటైపోయింది. ఇప్పుడు అయిదు నిమిషాల్లో ముగించి ‘స్మోక్’లోకి వెళ్లిపోతున్నారు. ‘బ్లాక్ నైట్’ గురించి ఎక్కువ చెప్పను. జనం ఇళ్లకి పోయేముందు గొంతు చించుకోవడానికి ఉన్న పాట, మంచిదే.

ఇక నా తీర్పు: ‘లేజీ’.

మీ ముగ్గురి మొహాలూ నాకు కనిపిస్తున్నాయి. ‘మెషీన్ హెడ్’ ఆల్బమ్‌లో రెండో వైపు రెండో పాట, జపాన్ రికార్డులో మూడో వైపు రెండోది. ఏ చీటీలోనూ రాదు. ఒకసారి స్టూడియోదే పెట్టుకుని గడియారం చూడండి. ఏడు నిమిషాల పైచిలుకు పాటలో గిలన్ నోరు తెరిచేది నాలుగు నిమిషాలు దాటాకే. అంతసేపూ ఏం జరుగుతోంది? కర్ణాటక కచేరీ విన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, అచ్చం రాగం తానం పల్లవి. లార్డ్ ఒక్కడే మొదలుపెడతాడు. తాళం లేదు. ఆర్గాన్ మీద ఒక గరుకు శబ్దం పట్టుకుని దాన్ని అటూ ఇటూ తిప్పుతాడు, ఇక్కడో ముక్క అక్కడో ముక్క వదులుతాడు. పేస్ సింబల్ మీద తిశ్ర నడక పట్టగానే తాళం కూర్చుంటుంది. బ్లాక్‌మోర్ పల్లవి ఎత్తుకుంటాడు. గిటారూ ఆర్గానూ చెరో ఆవర్తనం పంచుకుంటాయి. ఆ తర్వాతే సాహిత్యం, రెండు మూడు చరణాలు, అది కూడా సోమరిపోతుని వేళాకోళం చేస్తూ. చివర్లో గిలన్ జేబులోంచి హార్మోనికా తీసి తనూ వాద్యగాళ్లలో కలిసిపోతాడు.

ఆ గరుకు శబ్దం గురించి ఒక్కమాట, నా వృత్తి కదా. హామండ్ ఆర్గాన్‌కి మామూలుగా లెస్లీ అనే స్పీకరు పెట్టెని జత చేస్తారు. అందులో హారన్ గుండ్రంగా తిరుగుతుంటే శబ్దం తీయగా ఊగుతుంది. లార్డ్ ఆర్గాన్‌ని గిటారు వాళ్లు వాడే మార్షల్ ఆంప్లిఫయర్లలోకి పంపాడు. దాంతో చర్చిలో వినిపించాల్సిన వాద్యం గీరుకుపోయిన గొంతుతో అరవడం మొదలుపెట్టింది. బ్లాక్‌మోర్‌తో సమానంగా నిలబడాలంటే వేరే దారి లేదు. నా దగ్గరున్న జపాన్ కీబోర్డులో ‘రాక్ ఆర్గాన్’ అని ఒక బటన్ ఉండేది. అది నొక్కితే వచ్చేది ఆ శబ్దానికి పెళ్లిభోజనం వాసనలాంటిది, ఆకలి తీరదు.

‘లేజీ’ని రెండు పరీక్షలకీ పెట్టండి. మూడు రాత్రుల్లోనూ లార్డ్ మొదటి రెండు నిమిషాలూ ఎలా మారాయో వినండి. ఒకచోట మొండికేస్తాడు, ఒకచోట సరసాలాడతాడు. రికార్డుకి తీసుకున్నది టోక్యోది, పది నిమిషాలు దాటుతుంది. ఇక మనుషుల మాట. 1976లో అమెరికాలోని లాంగ్ బీచ్‌లో బోలిన్ వాయించాడు, పేస్ అందులోనే డ్రమ్స్ సోలో చేశాడు. స్టీవ్ మోర్స్ ఏళ్ల తరబడి వాయించాడు, ఇప్పుడు సైమన్ మెక్‌బ్రైడ్ వాయిస్తున్నాడు. బ్లాక్‌మోర్‌తో కలిపి నలుగురు గిటారిస్టులు, నలుగురివీ నాలుగు ‘లేజీ’లు. లార్డ్ తర్వాత డాన్ ఏరీ ఆ ఆరంభాన్ని తన పద్ధతిలో మార్చుకున్నాడు, ఎవరూ గొడవ చేయలేదు. కాలిఫోర్నియా జామ్‌లో ఈ పాట లేదని మీ బావగారు పట్టుకుంటారు, ఆయన సంగతి నాకు తెలుస్తూనే ఉంది. నిజమే, లేదు. మధ్యలో కొన్నాళ్లు పక్కన పెట్టిన పాట తిరిగి వచ్చి యాభై ఏళ్లు దాటినా కదలకుండా కూర్చుందంటే, వాయించేవాళ్లకి అది కావాలన్నమాట. జనం అడిగితే వచ్చింది కాదు.

పందెంలో మీరు ముగ్గురూ ఓడారు కాబట్టి ముగ్గురూ కలిసి మీ అక్కయ్యగారికి పెట్టించండి.

ప్రశ్న: మాస్టారూ, మీరెప్పుడూ డెబ్బైల దగ్గరే ఆగిపోతారు. వాళ్లు 1984లో మళ్లీ కలిశాక వచ్చిన ‘పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్’ విని నేను ఈ బ్యాండులోకి వచ్చాను. అది ఇప్పటికీ వాయిస్తారు. దాన్ని లెక్కలోకే తీసుకోరా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: తీసుకుంటానండీ. మొదలవగానే ఆర్గాన్ అలా కమ్ముకుంటే వద్దనడానికి నేనెవర్ని? ఎనిమిదేళ్లు విడిపోయి ఉన్నవాళ్లు మళ్లీ కలిసి, పాత పాటల మీద బతక్కుండా అంత బరువైన పాట కట్టడం మామూలు విషయం కాదు. అందులో సోలోలు దాదాపు లేవు, ఏనుగు నడిచినట్టు నడుస్తుంది, అదే దాని గొప్ప. మొన్నటి రాత్రికీ ఈ రాత్రికీ తేడా మాత్రం వెతికినా దొరకదు. పై జవాబులో పెట్టిన మొదటి పరీక్ష దీనికి సరిపడదు. ఆల్బమ్ పాటగా అడగండి, మీ పక్షాన నేనే వాదిస్తాను.

ప్రశ్న: మా ఆయన అంటారు, బ్యాండు పెట్టినవాళ్లలో డ్రమ్మరు ఒక్కడే మిగిలాడు, ఇంకా డీప్ పర్పుల్ అని టిక్కెట్లు అమ్మడం మోసం అని. మేం టిక్కెట్లు కొనాలా వద్దా అని ఇంట్లో రోజూ ఇదే. మీరేమంటారు?
— న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: 1968 నుంచి అన్ని జట్లలోనూ ఉన్నవాడు ఇయాన్ పేస్ ఒక్కడే, అంతవరకు మీ వారి మాట నిజం. కానీ ఆయన ఏ డీప్ పర్పుల్‌ని మనసులో పెట్టుకున్నారు? ‘స్మోక్’, ‘హైవే స్టార్’ల డీప్ పర్పుల్‌నైతే, గిలన్, గ్లోవర్ కూడా స్థాపకులు కారు, 1969లో వచ్చి చేరారు. వాళ్లిద్దరూ ఇప్పుడు ఉన్నారు.

ఇంకో లెక్క చెబుతాను. బ్లాక్‌మోర్ 1968 నుంచి 1975 దాకా, మళ్లీ 1984 నుంచి 1993 దాకా ఉన్నాడు. కలిపితే పదహారేళ్లు, కొంచెం అటూ ఇటూగా. ఆయన స్థానంలో వచ్చిన స్టీవ్ మోర్స్ 1994 నుంచి 2022 దాకా వాయించాడు, ఇరవై ఎనిమిదేళ్లు. భార్య అనారోగ్యం వల్ల ఆమె దగ్గర ఉండటానికి తప్పుకున్నాడు. అంతకాలం నిలబెట్టినవాణ్ణి ఇంకా ‘కొత్త గిటారిస్టు’ అనేవాళ్లు నాకు తెలుసు. అల్లుడు మనవల్ని ఎత్తుకున్నా కొత్తల్లుడే అన్నట్టుంది. జాన్ లార్డ్ 2002లో తప్పుకుని 2012లో పోయారు, ఆ లోటు మాత్రం లోటే. డాన్ ఏరీ దాన్ని లార్డ్‌లా నటించి పూడ్చలేదు, తనలాగే వాయించాడు, అందుకు నేను ఆయన్ని గౌరవిస్తాను.

టిక్కెట్లు కొనండి. పేస్‌కి దగ్గరగా, ఆయన చేతులు కనిపించే వైపు సీటు చూసుకోండి. ఎడంచేతి వాటం మనిషి, డ్రమ్ములన్నీ తిరగేసి పెట్టుకుంటాడు. ఏడు పదులు దాటిన మనిషి ‘లేజీ’లో ఆ నడకని బరువు లేకుండా ఎలా తేలుస్తున్నాడో చూస్తే, మీ వారు పేరు సంగతి మర్చిపోతారని నా నమ్మకం.

ప్రశ్న: సార్, నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. గిటారు కొత్తగా నేర్చుకుంటున్నాను. మా కాలేజీ ఫెస్టులో ‘స్మోక్ ఆన్ ద వాటర్’ వాయించాలి. నేను రిఫ్ వాయిస్తే మా సీనియర్ “అది తప్పు, బ్లాక్‌మోర్ అలా వాయించడు” అన్నాడు. పాట అదేలా వినిపిస్తోంది కదా, తప్పేంటి? టెన్షన్‌గా ఉంది.
— ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: సీనియర్ చెప్పింది కరెక్టే, కానీ ఎలా వాయించాలో కూడా చెప్పి ఉండాల్సింది. మీరు బహుశా రెండు లావు తీగల మీద పవర్ కార్డులు పట్టి, పిక్‌తో కొడుతున్నారు. అందరూ మొదట అలాగే వాయిస్తారు. బ్లాక్‌మోర్ పిక్ వాడడు. మధ్యలో ఉన్న డి, జి తీగలు రెండింటినీ వేళ్లతో ఒకేసారి లాగి వదులుతాడు, పిక్ దెబ్బకి ఒకదాని తర్వాత ఒకటి మోగేవి ఇలా లాగితే ఒక్కసారే మోగుతాయి. ఆ రెండు తీగల మధ్య దూరం షడ్జమం నుంచి మధ్యమానికి ఉన్నంత, అందుకే ఆ డొల్లగా, గంభీరంగా ఉండే శబ్దం.

రెండు తీగల మీదా ఒకే వేలు అడ్డంగా పెట్టి ఇలా వెళ్లండి: ఖాళీ తీగలు, మూడో ఫ్రెట్, అయిదో ఫ్రెట్. మళ్లీ ఖాళీ, మూడు, ఆరు, అయిదు. మళ్లీ ఖాళీ, మూడు, అయిదు. చివరికి మూడు, ఖాళీ. ఆరో ఫ్రెట్ మీద ఉండిపోవద్దు, తాకి అయిదుకి జారాలి. శబ్దాల మధ్య ఖాళీలని శుభ్రంగా ఉంచండి. కొత్తవాళ్లు తడబడేది స్వరాల దగ్గర కాదు, తీగని ఎప్పుడు నొక్కి ఆపాలో తెలియక.

మీ కాలేజీ బ్యాండులో కీబోర్డు ఉంటే, రెండోసారి రిఫ్ వచ్చేటప్పుడు అతన్ని కూడా అవే స్వరాలు గరుకు ఆర్గాన్ శబ్దంతో కలపమనండి. రికార్డులో ఆ రిఫ్ అంత లావుగా వినిపించడానికి సగం కారణం లార్డ్ అని చాలామందికి తెలియదు. కీబోర్డతను ‘రాక్ ఆర్గాన్’ బటన్ నొక్కితే ఏమీ అనకండి, ఫెస్టుకి అది చాలు. వాల్యూమ్ మాత్రం సౌండ్ సిస్టమ్ కుర్రాడి చేతిలో పెట్టకుండా మీ దగ్గరే ఉంచుకోండి.